శ్వేతాంబర గురువు, ఆగిపోయిన మేళం: రఘుపతి వేంకటరత్నం నాయుడు విద్యాదర్శంలో రెండు చరిత్రలు

వ్యాససంగ్రహం: కాకినాడ పిఠాపురం రాజా కళాశాల ప్రధానాచార్యులుగా రఘుపతి వేంకటరత్నం నాయుడు (1862–1939) దళిత విద్యార్థులకు, స్త్రీలకు, అనాథ బాలలకు ఉన్నత విద్యాద్వారం తెరిచిన గురువు. భోగం మేళాల బహిష్కరణోద్యమానికి దక్షిణాదిన ప్రధాన వక్త కూడా ఆయనే. మొదటి పనిని మన పాఠ్యగ్రంథాలు కీర్తిస్తాయి. రెండవదానిని ఒక్క వాక్యంలో దాటవేస్తాయి. ఆ రెండూ ఒకే విద్యాదర్శం నుంచి పుట్టాయని, రెండవదాని ఫలితాన్ని అనుభవించిన స్త్రీల వైపు నుంచి కూడా ఈ చరిత్రను తరగతి గదిలో చెప్పవలసి ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: రఘుపతి వేంకటరత్నం నాయుడు, బ్రహ్మసమాజం, కళావంతులు, మేళం, కన్యాశుల్కం, రాధికాసాంత్వనము, గురుశిష్య సంబంధం.

1. ఉపోద్ఘాతం

కొన్నేళ్ల క్రితం డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థులకు సంఘసంస్కరణోద్యమం పాఠం చెబుతున్నాను. మన పాఠ్యక్రమాల్లో ఈ పాఠానికి ఒక స్థిరమైన అచ్చు ఉంది. సంస్కర్త పేరు, పుట్టిన ఊరు, ఆ కింద నాలుగైదు ‘సేవలు’. వేంకటరత్నం నాయుడు పేరు కింద అస్పృశ్యతా నివారణ, స్త్రీ విద్య, మద్యపాన నిషేధం, భోగం మేళాల నిర్మూలన అని రాయించాను. పిల్లలు రాసుకున్నారు. తరగతి అయిపోయాక ఒక అమ్మాయి ఆగి, “సార్, మేళంలో ఉన్నవాళ్లు ఆ తర్వాత ఏమయ్యారండీ? వాళ్లు ఏ పాఠంలో వస్తారు?” అని అడిగింది. తర్వాత చెబుతానన్నాను. ఆ సంవత్సరం చెప్పలేదు. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోవడం ఒక కారణం. ఆ అమ్మాయి ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో ఊహించి, తెలియనట్టు నటించడం రెండవది. ఈ వ్యాసం ఆలస్యంగా ఇస్తున్న సమాధానం.

నాయుడుగారిని తగ్గించడం ఈ పరిశీలన ఉద్దేశం కాదు. ఆయన చేసిన పనిని పూర్తిగా లెక్కలోకి తీసుకోవడం, ఆ లెక్కలో ఇంతవరకు ఖాళీగా ఉన్న గడిని పూరించడం మాత్రమే ఉద్దేశం. గురువును గౌరవించడమంటే ఆయన చేసిన పనులలో సులువైనవి ఏరుకుని చెప్పడం కాదు గదా.

2. గురువు తయారైన తీరు

వేంకటరత్నం నాయుడు 1862 అక్టోబరు 1న మచిలీపట్నంలో జన్మించారు. తండ్రి అప్పయ్యనాయుడు సైన్యంలో ఉద్యోగి. తండ్రి ఉద్యోగరీత్యా బాల్యం ఉత్తరాదిన గడిచింది. అందువల్ల తెలుగుతో పాటు హిందీ, ఉర్దూ, పారశీక భాషల పరిచయం చిన్ననాడే కలిగింది. తరువాత హైదరాబాదులో, ఆ పైన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువు సాగింది. ఆయన జీవితాన్ని మలచిన ప్రదేశం ఈ చివరిది.

అప్పుడు ఆ కళాశాల అధిపతి విలియం మిల్లర్. మిషనరీయే అయినా విద్యార్థులను మతం మార్చడం కన్నా వారి ఆలోచనలో, నడతలో ఒక నైతిక ప్రభావం వ్యాపింపజేయడమే కళాశాల పని అని నమ్మినవాడు. ఈ కారణంగా సాటి మిషనరీల నుంచి విమర్శలు కూడా ఎదుర్కొన్నాడు. పాఠం చెప్పి పంపేయడంతో అధ్యాపకుని బాధ్యత తీరదని, విద్యార్థి ఎక్కడ ఉంటున్నాడు, ఎవరితో తిరుగుతున్నాడు, ఖాళీ సమయంలో ఏం చేస్తున్నాడు అన్నదంతా కళాశాల పట్టించుకోవలసిందేనని మిల్లర్ పద్ధతి. నాయుడుగారు ఈ పద్ధతిని పూర్తిగా తనది చేసుకున్నారు. దానికి బ్రహ్మసమాజపు ఏకేశ్వరవాదం, నీతినిష్ఠ తోడయ్యాయి. ఈ రెండు ధారల కలయికను గుర్తుంచుకుంటే ఆయన తరువాతి జీవితంలోని ప్రతి నిర్ణయం అర్థమవుతుంది. విద్య అంటే ఆయన దృష్టిలో శీలనిర్మాణం. శీలం అంటే ప్రధానంగా ఇంద్రియనిగ్రహం.

చిన్న వయసులోనే భార్య మరణించగా ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు. జీవితాంతం తెల్లని దుస్తులే ధరించారు. శ్వేతాంబర ఋషి అన్న పేరు అందువల్లనే వచ్చింది. జీతంలో అధికభాగం బీద విద్యార్థుల ఖర్చులకే పోయేది. మచిలీపట్నం నోబుల్ కళాశాలలో ఆంగ్లం బోధించిన కాలంలో ఆయన ప్రభావంలో పడినవారిలో భోగరాజు పట్టాభిసీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావు ఉన్నారు. ఈ ముగ్గురి పేర్లు కలిపి చూస్తే ఒక విశేషం కనిపిస్తుంది. గురువు బ్రిటిషు ప్రభుత్వంతో సఖ్యంగా ఉండి దివాన్ బహదూర్ అయ్యారు. 1924లో సర్ బిరుదు పొందారు. శిష్యులు 1910లో అదే మచిలీపట్నంలో ప్రభుత్వ విద్యకు ప్రత్యామ్నాయంగా ఆంధ్ర జాతీయ కళాశాల నెలకొల్పారు. శీలాన్ని నేర్పిన గురువు ఆ శీలం ఏ దారిన పోవాలో నిర్ణయించలేడు. ఈ సంగతికి మళ్లీ వస్తాను.

3. వారాలు దొరకని విద్యార్థి

సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో కొన్నేళ్లు పనిచేసిన తరువాత నాయుడుగారు కాకినాడ పిఠాపురం రాజా కళాశాల ప్రధానాచార్యులుగా వచ్చి 1919 వరకు ఆ పదవిలో ఉన్నారు. 1852లో పాఠశాలగా మొదలై, 1884లో కళాశాల స్థాయికి ఎదిగిన సంస్థ అది. దాని పోషకుడు పిఠాపురం మహారాజా రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు. ఆయన నాయుడుగారిని గురువుగా భావించి, ఆయన తలపెట్టిన పనులకు ధనం సమకూర్చారు. తెలుగు విద్యాచరిత్రలో ఒక జమీందారు ధనమూ ఒక ఉపాధ్యాయుని సంకల్పమూ ఇంతగా కలిసి నడిచిన సందర్భాలు తక్కువ.

ఈ కళాశాలలో నాయుడుగారు దళిత విద్యార్థులను చేర్చుకున్నారని ఒక్క ముక్కలో చెప్పేస్తే దాని బరువు తెలియదు. మద్రాసు ప్రభుత్వం పంచముల విద్య గురించి 1893లోనే ప్రత్యేక ఉత్తర్వు జారీ చేసింది. కాగితం మీద అవరోధం అంతగా లేదు. అవరోధం అరుగు మీద ఉంది. గ్రామంలో బడి చావడిలోనో, అగ్రహారంలోని ఇంటి వసారాలోనో నడిచేది. మాలపల్లె, మాదిగవాడ పిల్లవాడు ఆ వసారా ఎక్కితే మిగతావారు పిల్లలను మాన్పించేవారు. ఆ పిల్లవాడు దాన్ని కూడా దాటి పట్నం చేరాడనుకుందాం. అప్పుడు తిండి ఎక్కడ, పడక ఎక్కడ అన్నది అసలు ప్రశ్న.

ఆ కాలపు బీద బ్రాహ్మణ విద్యార్థికి వారాలు చేసుకునే ఆచారం ఉండేది. సోమవారం ఒక ఇంట, మంగళవారం మరో ఇంట భోంచేసి చదువు గడుపుకొనేవాడు. తెలుగు పండితుల ఆత్మకథల్లో ఈ వారాల ముచ్చట విరివిగా కనిపిస్తుంది. ఆకలి, అవమానం కలగలిసిన ఆ జ్ఞాపకాలు నిజమైనవే. అయితే వారం చెప్పుకోవడానికి తట్టదగిన గుమ్మం ఒకటైనా ఉండాలి. పంచమ విద్యార్థికి కాకినాడలో అటువంటి గుమ్మం లేదు. కనుక అతనికి కళాశాలలో సీటు ఇవ్వడం సగం పని. వసతిగృహం కట్టడం మిగతా సగం. నాయుడుగారు ఈ రెండవ సగాన్ని గుర్తించారు. మహారాజావారి సహాయంతో దళిత విద్యార్థులకు వసతి, అనాథ పిల్లలకు శరణాలయం కాకినాడలో ఏర్పడ్డాయి. కులం అడగకుండా పిల్లలను కలిపి పెంచిన శరణాలయం ఆనాడు ఎంత అలజడి రేపి ఉంటుందో మనం ఊహించగలం. అదే కళాశాలలో యువకుల పక్కన యువతులు కూర్చుని చదివే ఏర్పాటు కూడా ఆయన హయాంలోనే జరిగింది.

ఆ తరువాతి తరంలో ఆ కళాశాల నుంచి పట్టభద్రుడైన బోయి భీమన్నను ఇక్కడ తలచుకోవాలి. కోనసీమలోని మామిడికుదురులో పుట్టిన భీమన్న ‘పాలేరు’ నాటకంలో పాలికాపు పిల్లవాడు చదువుకుని పైకి రావడాన్ని చిత్రించారు. ఆ నాటకం చూసి ఎందరో తల్లిదండ్రులు పిల్లలను పాలేరుతనం మాన్పించి బడికి పంపారని గోదావరి జిల్లాల్లో చెప్పుకుంటారు. అందులో కొంత అతిశయోక్తి ఉన్నా ఉండవచ్చు. ఒక కళాశాల తలుపు తెరుచుకుంటే దాని చప్పుడు పాతికేళ్ల తరువాత ఊరి నాటకరంగం మీద వినిపించిందన్నది మాత్రం కాదనలేం.

4. మేళం వద్దన్న గొంతు

1893లో మద్రాసు హిందూ సంఘసంస్కరణ సమాజం వారు గవర్నరుకు, వైస్రాయికి ఒక విన్నపం పంపారు. వేశ్యానృత్యం ఉండే సభలకు, విందులకు హాజరు కావద్దని ఆ విన్నపం సారాంశం. అధికారులు అంగీకరించలేదు. తాము చూసిన ప్రదర్శనలలో అసభ్యత కనిపించలేదని జవాబు వచ్చింది. విన్నపం విఫలమైనా ఉద్యమం ఆగలేదు. తెలుగు ప్రాంతంలో వీరేశలింగం దానికి రచయిత అయితే, వేంకటరత్నం నాయుడు వక్త. 1901లో సి.వై. చింతామణి సంపాదకత్వంలో మద్రాసులో వెలువడిన సంఘసంస్కరణ వ్యాససంపుటిలో సాంఘిక పరిశుద్ధత, నాచ్ వ్యతిరేకోద్యమం అన్న విషయం మీద నాయుడుగారి రచన చేరింది. భారతదేశమంతటి సంస్కర్తలు రాసిన ఆ సంపుటిలో ఈ విషయానికి ప్రతినిధిగా ఒక తెలుగు ఉపాధ్యాయుడు నిలిచాడన్నది గమనార్హం.

ఆ ఉద్యమ వాదం స్థూలంగా ఇది: పెళ్లి పందిట్లో, దేవాలయంలో, జమీందారు సభలో భోగంవారిని కూర్చోబెట్టి సన్మానించడం గృహస్థధర్మాన్ని అవమానించడమే. యువకులు దానిని చూసి చెడిపోతారు. కాబట్టి మేళం ఉన్న చోటికి వెళ్లమని సజ్జనులు ప్రతిజ్ఞ చేయాలి. ఈ ప్రతిజ్ఞ విద్యార్థుల మధ్య బాగా వ్యాపించింది. మిల్లర్ నుంచి వచ్చిన నైతిక ప్రభావ సిద్ధాంతం ఇక్కడ నేరుగా పనిచేసింది. విద్యార్థి కళ్ల ముందు ఏముండాలో, ఏముండకూడదో నిర్ణయించడం గురువు బాధ్యత అయింది.

దళిత విద్యార్థిని లోపలికి పిలిచినదీ, మేళాన్ని బయటికి పంపినదీ ఒకే చేయి, ఒకే సిద్ధాంతం అని నేను అనేది ఇందుకే. శీలం కులాన్ని బట్టి రాదు, పెంపకాన్ని బట్టి వస్తుంది అని నమ్మితే ఏ కులం పిల్లవాడినైనా చేరదీయగలం. అదే నమ్మకం, ఒక వృత్తిలో ఉన్న స్త్రీలందరినీ పెంపకాన్ని చెడగొట్టే ప్రభావంగా కూడా చూడగలదు. మొదటి సందర్భంలో మనిషి కనిపించాడు. రెండవ సందర్భంలో ప్రభావం మాత్రమే కనిపించింది.

కనిపించని ఆ మనుషులు ఎవరు? గోదావరి జిల్లాల్లో కళావంతులు ఆలయసేవలో, పెళ్లి మేళాల్లో, మేజువాణీల్లో జీవిక పొందినవారు. క్షేత్రయ్య పదాలు, జావళీలు, భామాకలాపం, గొల్లకలాపం వారి నోటనే తరాల తరబడి నిలిచాయి. తెలుగు, సంస్కృతం, సంగీతం చదువుకున్న స్త్రీలు సమాజంలో దాదాపు వారొక్కరే. ఈ కారణంగానే, చదువు నేర్పితే ఆడపిల్ల భోగంపిల్ల అవుతుందన్న భయం కుటుంబ స్త్రీల చదువుకు అడ్డు నిలిచింది. బాలికా పాఠశాలలు స్థాపించిన సంస్కర్తలకు ఈ భయాన్ని పోగొట్టడం అవసరమైంది. చదువుకున్న కొత్త స్త్రీకీ పాత విదుషికీ మధ్య గోడ ఎంత ఎత్తుగా లేస్తే బాలికల బడి అంత సురక్షితమైంది. స్త్రీ విద్య గెలిచిన కథలో ఇది అంతగా చెప్పుకోని భాగం.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కళావంతుల జీవితాన్ని స్వర్ణయుగంగా చిత్రించడం ఇటీవలి ఫ్యాషన్. ముక్కుపచ్చలారని పిల్లకు గజ్జెపూజ చేసి, ఒక ధనికుని ఆశ్రయంలోకి పంపిన వ్యవస్థ అది. ఆ పిల్ల ఇష్టాన్ని ఎవరూ అడగలేదు. జమీందారు మనసు మారితే మాన్యమూ మర్యాదా రెండూ పోయేవి. సంస్కర్తలు చూసిన దుఃఖం కల్పితం కాదు. వారు ఆ దుఃఖాన్ని మాన్పడానికి ముందు దానిని చూడవద్దని ప్రతిజ్ఞ చేయించడం వద్దనే చిక్కు వచ్చింది. మేళానికి పిలుపు ఆగింది. దాని స్థానంలో ఏ జీవిక వచ్చింది? పెళ్లి చేసుకొమ్మన్నారు. చేసుకునేవారు ఎందరు వచ్చారు? దేవులపల్లి కృష్ణశాస్త్రి వంటి బ్రహ్మసమాజ యువకులు ఈ వివాహాలు జరిపించడానికి పూనుకున్నారు. సంస్కరణ వాతావరణంలో ఎదిగిన యామినీ పూర్ణతిలకం, స్వయంగా ఆ సమాజం నుంచి వచ్చిన స్త్రీ, 1922లో మద్రాసులో హిందూ యువతీ శరణాలయం స్థాపించి అటువంటి యువతులకు చదువు, చేతిపని నేర్పించారు. ఇవి గొప్ప ప్రయత్నాలు. నిలిచిపోయిన మేళాల సంఖ్యతో పోలిస్తే మాత్రం చిన్నవి.

చట్టం కూడా ఇదే దారిలో నడిచింది. ముత్తులక్ష్మీరెడ్డి కృషితో 1929లో వచ్చిన సవరణ ఆలయసేవకూ మాన్యం భూమికీ ఉన్న ముడిని విప్పి, సేవ చేయకపోయినా భూమి ఆ స్త్రీలకే ఉండేటట్టు చేసింది. ఈ చరిత్రలో అత్యంత న్యాయమైన అడుగు ఇదేనని నా అభిప్రాయం. ఆమె తల్లి దేవదాసీ సమాజానికి చెందినవారు కావడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. లోపలి నుంచి చూసిన మనిషికి మొదట గుర్తుకొచ్చింది భూమి. 1947లో దేవదాసీ సమర్పణ నిషేధ చట్టం వచ్చింది. ఆంధ్రలో 1956లో చేసిన సవరణతో పెళ్లిళ్లు వంటి వేడుకల్లో వారు ఆడటం కూడా నేరమైంది. అప్పటికి నాయుడుగారు మరణించి 17 ఏళ్లు. అయినా ఆ సవరణలో 1890ల నాటి ప్రతిజ్ఞ ప్రతిధ్వని వినబడుతుంది. తమ కళే నేరమైనప్పుడు ఒక సమాజం చేయగలిగింది మౌనంగా ఉండటం. పేరు మార్చుకున్నారు, ఊళ్లు మారారు, పిల్లలకు పాట నేర్పడం మానేశారు.

5. రెండు ప్రశ్నలు

ఈ మౌనానికి ముందు రెండు గొంతులు వినిపించాయి. ఒకటి కల్పిత పాత్రది, ఒకటి నిజమైన స్త్రీది.

నాయుడుగారు కాకినాడలో ప్రధానాచార్యులుగా ఉన్న కాలంలోనే, 1909లో, గురజాడ ‘కన్యాశుల్కం’ విస్తృతరూపం వెలువడింది. వేశ్యలను చేరనీయనని నియమం పెట్టుకున్న వకీలు సౌజన్యారావు ఇంటికి మధురవాణి పురుషవేషంలో వస్తుంది. ఆ సంభాషణలో ఆమె వేసే చిక్కుముడి ఇది: వేశ్య మంచి దారిన నడవాలని కోరుకునే మంచివారు ఆమెను దగ్గరకు రానివ్వకపోతే ఆమె మంచితనం ఎవరి దగ్గర నేర్చుకోవాలి? సౌజన్యారావు దగ్గర దీనికి తృప్తికరమైన జవాబు లేదు. గురజాడ ఆయనను ఎక్కడా వెక్కిరించడు. నాటకంలో నిజంగా సజ్జనుడు ఆయనే. సజ్జనుని నియమంలోనే లోపం ఉందని చూపడం ఆ దృశ్యపు పదును. గిరీశం వంటి దొంగ సంస్కర్తను పట్టుకోవడం తేలిక. మనవారు వందేళ్లుగా గిరీశాన్ని చూసి నవ్వుతున్నారు. సౌజన్యారావును చూసి ఆలోచించినవారు అంతమంది లేరు.

రెండవ గొంతు బెంగుళూరు నాగరత్నమ్మది. 18వ శతాబ్దపు తంజావూరు ఆస్థాన కవయిత్రి ముద్దుపళని రాసిన ‘రాధికాసాంత్వనము’ను ఆమె మూలప్రతితో సరిచూసి 1910లో వావిళ్లవారి ద్వారా సమగ్రంగా ప్రకటించింది. వీరేశలింగం అప్పటికే తన కవిచరిత్రలో ముద్దుపళని శృంగారాన్ని, ఆమె వృత్తిని కలిపి నిందించి ఉన్నారు. నాగరత్నమ్మ తన పీఠికలో దానికి జవాబిచ్చింది. పురుషకవులు అంతకు మించి రాసినప్పుడు లేని సిగ్గు స్త్రీ రాసినప్పుడే ఎందుకు వచ్చిందని ఆమె వాదం. 1911లో ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులు మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఆ నిషేధం తొలగింది. ఒక దేవదాసి సంపాదకురాలిగా, పరిశోధకురాలిగా, పీఠికాకర్త్రిగా చేసిన పనికి తెలుగు సాహిత్యలోకం నుంచి మొదట దొరికిన ప్రతిఫలం నిషేధం. ఏ బడీ కళాశాలా ఆమెకు ఆ పాండిత్యాన్ని ఇవ్వలేదు. ఆమె సమాజంలో ఉన్న, మేళంతో పాటు అడుగంటిపోతున్న మరొక బడి ఇచ్చింది.

ఆ మరొక బడిని గురించి మనం బొత్తిగా ఆలోచించలేదు. అమ్మమ్మ, పెద్దమ్మ, మేళానికి పెద్దగా ఉండే నాయకురాలు అక్కడి గురువులు. పాఠం తెల్లవారుజామున మొదలయ్యేది. పదం అర్థం, అన్వయం, రాగం, అభినయం అన్నీ కలిపి నేర్పేవారు. శిక్ష ఉండేది, వాత్సల్యం ఉండేది, నిర్బంధమూ ఉండేది. విద్యాచరిత్ర రాసేటప్పుడు వీధిబడిని లెక్కిస్తాం, వేదపాఠశాలను లెక్కిస్తాం, మిషనరీ పాఠశాలను లెక్కిస్తాం. దీన్ని మాత్రం లెక్కలోకి తీసుకోం.

6. శిష్యులు గురువును చదివిన తీరు

కాకినాడలో చదువుకుంటూ నాయుడుగారి ప్రభావంతో బ్రహ్మసమాజం వైపు ఆకర్షితుడైన యువకుల్లో గుడిపాటి వెంకటచలం ఒకరు. చలం ఆ తరువాత సమాజానికి దూరమయ్యారు. 1927లో వచ్చిన ‘మైదానం’ను గురువుగారి నీతికి పూర్తి తిరుగుబాటుగా చదవడం అలవాటు. నాకు అది పాక్షికంగానే నిజమనిపిస్తుంది. నమ్మినదానికి జీవితాన్ని పణం పెట్టాలని, లోకం ఏమనుకుంటుందో చూసుకోరాదని చలానికి ఉన్న పట్టుదలలో గురువు ముద్ర ఉంది. గురువు ఇంద్రియనిగ్రహానికి ఇచ్చిన విలువను శిష్యుడు స్త్రీ స్వేచ్ఛకు ఇచ్చాడు. పద్ధతి అదే, గమ్యం వేరు. కృష్ణశాస్త్రి మరో రకంగా స్పందించారు. గురువుగారి తరం దూరంగా ఉండమన్న ఇంటికి ఆయన పెళ్లి ఏర్పాట్లతో వెళ్లారు. మచిలీపట్నం శిష్యుల మాట ముందే చెప్పాను.

మంచి గురువు శిష్యులు గురువును దిద్దుతారు. నాయుడుగారి విషయంలో ఆ దిద్దుబాటు ఆయన జీవించి ఉండగానే మొదలైంది. ఆయన ప్రసంగాలను వేమూరి రామకృష్ణారావు సంపుటాలుగా సేకరించి ఆంగ్లంలో ప్రచురించారు. ఆ సంపుటాలను ఇప్పుడు చదువుతుంటే వాక్యాల గాంభీర్యం, ఎదుటివారిని ఉన్నతులుగా భావించి మాట్లాడే తీరు ఆకట్టుకుంటాయి. 1925 నుంచి 1928 వరకు మద్రాసు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా ఉన్న మనిషి, కాకినాడ శరణాలయపు పిల్లల యోగక్షేమాలను సొంత బిడ్డలవిగా చూసుకున్న మనిషి ఒకరే అని మరిచిపోకూడదు. ఆయన గొంతు వినపడని గది ఒకటి ఉంది. ఆ గదిలో ఏం జరిగిందో ఆయనను గౌరవించేవారే వెతకాలి.

వెతికినవారు లేకపోలేదు. 1970ల నుంచి నటరాజ రామకృష్ణ గోదావరి జిల్లాల్లో వృద్ధులైన కళావంతుల కళాకారిణులను కలిసి, మళ్లీ నోరు విప్పమని ప్రార్థించి, వారికి తెలిసిన ఆలయనృత్యాన్ని, కచేరీ నృత్యాన్ని, నవజనార్దన పారిజాతాన్ని ఆంధ్రనాట్యం పేరుతో వేదిక మీదికి తెచ్చారు. అన్నాబత్తుల బులి వెంకటరత్నమ్మ, సరిదె మాణిక్యాంబ వంటివారు అప్పుడు గురువులుగా గుర్తింపు పొందారు. దీన్ని పునరుద్ధరణ అంటాం. నిజానికి అది ఆలస్యంగా జరిగిన ప్రవేశం. మొదటిసారి వాళ్లను ఒక విద్యాసభలో గురువుల వరుసలో కూర్చోబెట్టారు. అయితే ఆ కళ నేర్చుకోవడానికి ముందుకు వచ్చిన కొత్త శిష్యుల్లో ఎక్కువమంది ఇతర కులాల వారు. తమ మనుమరాళ్లను పంపడానికి కళావంతుల ఇళ్లలో జంకు పోలేదు. పోవాలని ఎవరూ శాసించలేరు కూడా. మరుపు కూడా ఒక్కోసారి ఆత్మరక్షణే.

7. తరగతి గదిలో

కష్టమైన చరిత్రను బడిలో ఎలా చెప్పాలన్నప్పుడు సాధారణంగా రెండు సలహాలు వస్తాయి. పిల్లలకు అంత లోతు అక్కర్లేదన్నది ఒకటి. విగ్రహాలను పడగొట్టాలన్నది ఒకటి. రెండూ ఉపాధ్యాయునికి పని తగ్గించే సలహాలే. వేంకటరత్నం నాయుడు పాఠం విషయంలో నేను అనుసరిస్తున్న పద్ధతి కాస్త పని పెంచుతుంది. 1901 నాటి ఆయన వాదాన్ని ముందుగా సానుభూతితో చెబుతాను. ఆ కాలపు యువకుడు దాన్ని వింటూ ఎందుకు కన్నీళ్లు పెట్టుకునేవాడో అర్థం కావాలి. వెంటనే కన్యాశుల్కం చివరి అంకం చదివిస్తాను. ఆ పైన నాగరత్నమ్మ పీఠిక. 1929 నాటి మాన్యం సవరణను, 1956 నాటి సవరణను పక్కపక్కన పెట్టి, ఏది ఆ స్త్రీల చేతికి ఏమిచ్చింది, ఏది ఏం తీసుకుంది అని లెక్క రాయమంటాను. వసతిగృహం సంగతి, వారాల సంగతి తప్పక చెబుతాను. లేకపోతే నాయుడుగారికి అన్యాయం చేసినవాడినవుతాను.

ఒక నియమం మాత్రం గట్టిగా పెట్టుకున్నాను. మీ ఇంట్లో ఎవరైనా ఈ సమాజానికి చెందినవారున్నారా అని తరగతిలో అడగను. ఇంటి పెద్దలతో ముఖాముఖి చేసి రాయండి అనే అభ్యాసం ఇతర పాఠాలకు ఇస్తాను, దీనికి ఇవ్వను. కుటుంబం దాచుకున్నదాన్ని మార్కుల కోసం బయటపెట్టించే హక్కు ఏ ఉపాధ్యాయునికీ లేదు. దళిత విద్యార్థుల విషయంలో కూడా ఇదే వర్తిస్తుంది. అంటరానితనం పాఠం వచ్చిన రోజున తరగతి అంతా ఏ బల్ల వైపు తిరిగి చూస్తుందో పాఠం చెప్పేవారందరికీ తెలుసు. ఆ చూపు తిరగకుండా పాఠం నడపడం నేర్చుకోవడానికి నాకు చాలా సంవత్సరాలు పట్టింది.

నన్ను మొదట ప్రశ్న అడిగిన అమ్మాయి చదువు ముగించుకుని వెళ్లిపోయింది. ఈ పాఠం ఆమెకు చెప్పలేకపోయాను. ప్రశ్నాపత్రంలో వేంకటరత్నం నాయుడు సేవలను వివరింపుము అన్న పాత ప్రశ్న ఇప్పటికీ వస్తుంది. నేను కూర్చిన సంవత్సరం దాని కింద మరొకటి చేర్చాను: మేళం ఆగిపోయిన తరువాత మేళంలోని స్త్రీలకు ఏయే దారులు తెరిచి ఉన్నాయి, ఏవి మూసుకున్నాయి?